గురువారం రాత్రి షాపింగు, బిల్లు చివర నాలుగు సెంట్లు

మేం ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చింది 1998లో. మా తెనాలిలో రాత్రి తొమ్మిదైనా బట్టల కొట్ల ముందు స్కూటర్లు ఆగే ఉండేవి. ఇక్కడేమో సాయంత్రం ఆరు కొట్టేసరికి సూపర్‌మార్కెట్‌కి షట్టరు పడిపోయేది. శనివారం ఐదింటికే మూత. ఆదివారం పూర్తిగా సెలవు. టూరిస్టులు వచ్చే చోట్లు కాబట్టి పెర్త్ నడిబొడ్డుకి, రేవు ఊరు ఫ్రీమాంటిల్‌కి మాత్రం మినహాయింపు ఉండేది. మా ఆయన ఆఫీసు నుంచి ఇల్లు చేరేదే ఆరింటికి. ఇంట్లో పెరుగు అయిపోతే వీధి మలుపులో ఉన్న డెలికి పరిగెత్తాలి. ఇక్కడ డెలి అంటే చిన్న కిరాణా కొట్టు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, న్యూస్‌పేపరు, అన్నీ రెట్టింపు రేటుకి దొరికేవి.

అందుకే గురువారం కోసం ఎదురుచూసేవాళ్ళం. వారంలో ఆ ఒక్క రోజు శివార్లలోని షాపులు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచేవాళ్ళు. కానింగ్టన్‌లో కారొసెల్ షాపింగ్ సెంటర్ ఆ రాత్రి మా ఊరి సంతలా కిటకిటలాడేది. పార్కింగ్ దొరకడమే గొప్ప. పెర్త్‌లో అప్పుడు తెలుగువాళ్ళు తక్కువే. ఫోన్లు చేసుకుని కలుసుకోవాల్సిన పనే ఉండేది కాదు. గురువారం రాత్రి బియ్యం ఉన్న వరసలో నిలబడితే ఎవరో ఒకరు తగిలేవాళ్ళు. "ఏమండీ, ఈ వారం బాస్మతి చౌకలో ఉంది, చూశారా?" అన్న మాటతో మొదలై అరగంట సాగేది. ఐస్‌క్రీమ్ ట్రాలీలోనే కరిగిపోయేది.

పప్పులకీ మసాలా దినుసులకీ నార్త్‌బ్రిడ్జ్ వెళ్ళాలి. అక్కడ విలియం స్ట్రీట్‌లో కాకులాస్ బ్రదర్స్ అని ఒక గ్రీకు కుటుంబం వాళ్ళ పాత కొట్టు ఉంది. తలుపు తియ్యగానే జీలకర్ర, దాల్చినచెక్క, కాఫీ గింజల వాసన కలిసి కొట్టేది. బస్తాల్లోంచి కావలసినంత తీసి తూచి ఇచ్చేవాళ్ళు. ఆస్ట్రేలియాలో అన్నీ ప్యాకెట్లలోనే ఉంటాయని విని వచ్చిన నాకు ఆ బస్తాలు చూశాక ప్రాణం లేచి వచ్చింది.

పిల్ల కాస్త పెద్దదయ్యాక నేను మా పేటలోని సూపర్‌మార్కెట్‌లో చెకౌట్ ఉద్యోగంలో చేరాను. ఎమ్మెస్సీ చదివి కౌంటర్లో నిలబడ్డమేమిటని మా అత్తయ్యగారు ఫోన్లో గొణిగారు. నాకు మాత్రం ఆ పని నచ్చింది. బెల్టు మీద వచ్చే సరుకు చూస్తే ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, పండగో జబ్బో చెప్పెయ్యచ్చు. కవర్లో సర్దడానికి ఒక పద్ధతి ఉండేది. బరువువి అడుగున, గుడ్లూ బ్రెడ్డూ పైన, చల్లటివన్నీ ఒకచోట, సబ్బులు తిండి సరుకుతో కలవకూడదు. కవర్లు అప్పట్లో ఉచితం, ఎన్ని కావాలంటే అన్ని. ఇప్పుడు తలుచుకుంటే అన్ని కవర్లు ఏ గంగలో కలిశాయో అని గుండె గుభేలుమంటుంది.

కూరగాయలకి బార్‌కోడు ఉండదు. పేరు గుర్తుపట్టి కోడు కొట్టాలి. బెండకాయలు ఎవరైనా తెస్తే పక్క కౌంటర్లో ఉన్న పదిహేడేళ్ళ పిల్ల వాటిని పైకెత్తి పట్టుకుని నావైపు చూసేది. కొత్తిమీర, పుదీనా, పార్స్లీ పక్కపక్కన పెడితే ఆ పిల్లకి మూడూ ఒకటే. నేను దూరం నుంచే వాసన పట్టి చెప్పేదాన్ని. ఆ స్టోర్లో నాకున్న పేరంతా ఆ ముక్కు వల్లే వచ్చింది.

ఇక్కడి చిల్లర లెక్క గురించి చెప్పాలి. ఒక సెంటు, రెండు సెంట్ల నాణేలు 1992 నుంచే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. రేట్లు మాత్రం 1.99, 2.97 అనే ఉండేవి. మొత్తం 19.97 వస్తే నగదు కట్టేవాళ్ళకి 19.95, అదే 19.98 అయితే 20 డాలర్లు. కొందరు పెద్దవాళ్ళకి ఇది కొట్టినపిండి. చివర్లో ఒక చూయింగ్ గమ్ పెట్టడమో తియ్యడమో చేసి తమకి కలిసొచ్చేలా చూసుకునేవాళ్ళు. కార్డు అయితే మాత్రం ఏ ఖాతాలోంచి తియ్యాలో తెలియడానికి "సేవింగ్సా, చెక్కా, క్రెడిటా?" అని అడగాలి. తర్వాత "క్యాష్ ఏమైనా కావాలా?" అనాలి. అప్పట్లో మా కౌంటరే చాలామందికి ఏటీఎం.

2000 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఆ వారం కౌంటర్లో నిలబడ్డవాళ్ళకి తెలుసు టెన్షన్ అంటే ఏమిటో. పచ్చికోడికి పన్ను లేదు, కాల్చిన వేడివేడి కోడికి ఉంది. బ్రెడ్డుకి లేదు, బిస్కెట్లకి ఉంది. అడిగిన ప్రతివాళ్ళకీ మేమే జవాబుదారీ, ఆ చట్టం మేమే రాసినట్టు.

ఇక రోజుకి కొన్ని వందలసార్లు అడిగిన ప్రశ్న మరోటి. "ఫ్లైబైస్ ఉందా?" సరుకు కొన్నప్పుడల్లా పాయింట్లు పడే కార్డు అది, 1994లో మొదలైంది. కోల్స్ సూపర్‌మార్కెట్ల కంపెనీ కోల్స్ మయర్, పెట్రోలు కంపెనీ షెల్, నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంకు కలిసి పెట్టారు. మేం వచ్చేసరికి ప్రతి పర్సులోనూ, ప్రతి తాళాల గుత్తికీ ఒకటి వేలాడుతుండేది. మా తెలుగు ఆడవాళ్ళలో పాయింట్లు ఎన్ని వచ్చాయన్నది నగల డిజైన్ల తర్వాత పెద్ద చర్చ. ఒకావిడ ఏళ్ళ తరబడి కూడబెట్టి టోస్టరు తెచ్చుకుంది. ఆ టోస్టరు ఎవరు వెళ్ళినా చూపించేది. దాని కోసం ఎన్ని వేల డాలర్ల సరుకు కొన్నావమ్మా అని అడగబుద్ధయ్యేది కానీ, ఆ సంతోషం పాడు చెయ్యడం ఎందుకని ఊరుకునేదాన్ని.

లెక్క నేను చేసుకున్నాను లెండి. ఇప్పటి మామూలు రేటు డాలరుకి ఒక పాయింటు, రెండు వేల పాయింట్లకి పది డాలర్లు. అంటే నూటికి అర్ధ రూపాయి. మా తెనాలి కిరాణా కొట్టాయన నెల సామాను పట్టుకెళ్తే పిల్లల చేతిలో పెట్టే బెల్లంముక్క, పటికబెల్లం ఇంతకంటే ఎక్కువే తూగేవి. పైగా ఆయన మేం ఏ నెలలో ఎంత నెయ్యి కొన్నామో ఎక్కడా రాసి పెట్టుకోలేదు.

పెట్రోలు సంగతికి వస్తాను. మా మొదటి కారు 1983 మోడల్ కరోలా. 1986 నుంచి కొత్త కార్లన్నీ సీసం లేని పెట్రోలుతోనే రావాలని రూలు. అంతకుముందు వాటికి సూపర్ అని సీసం కలిపింది పొయ్యాలి. 2002 వచ్చేసరికి అది దేశమంతటా ఆగిపోయింది. మా పేట చివర ఒక పాత బంకు ఉండేది. వెనక రెండు కార్లు పట్టే మెకానిక్ షెడ్డు. అప్పటికే ఊళ్ళో దాదాపు అన్ని బంకులూ సెల్ఫ్ సర్వీసే అయినా, అక్కడ మాత్రం నీలం చొక్కా వేసుకున్న పెద్దాయన బయటికొచ్చి పెట్రోలు పోసి, ముందద్దం తుడిచి, బానెట్ ఎత్తి ఆయిల్ చూసి, "ఇంకో నెల ఆగచ్చు" అనేవాడు. మా ఆయనకి ఇండియాలోలాగే హాయిగా సీట్లో కూర్చుని ఉండటం అలవాటైపోయింది. ఆయన ఒక్కోసారి "జీరో చూసుకోవాలి" అని తెలుగులో గొణిగేవారు. ఆ పెద్దాయన నవ్వి మీటరు చూపించేవాడు. భాష రాకపోయినా ఆ అనుమానం ఏ దేశం బంకులోనైనా అర్థమవుతుంది కాబోలు.

ఆ బంకు ఎందుకు పోయిందో చెప్పాలంటే బిల్లుల సంగతి చెప్పాలి. కోల్స్‌కి పోటీ సూపర్‌మార్కెట్ వూల్‌వర్త్స్ 1996లో న్యూ సౌత్ వేల్స్‌లోని డబ్బోలో పెట్రోలు అమ్మకం మొదలుపెట్టింది. తర్వాత 2003లో పెట్రోలు కంపెనీ కాల్‌టెక్స్‌తో చెయ్యి కలిపింది. అదే ఏడాది కోల్స్ షెల్ బంకుల్ని తీసుకుంది. ముప్పై డాలర్ల సరుకు కొంటే బిల్లు అడుగున ఒక బార్‌కోడు అచ్చయ్యేది. అది బంకులో చూపిస్తే లీటరుకి నాలుగు సెంట్లు తగ్గింపు. జనానికి పిచ్చి పట్టింది. అప్పటిదాకా బిల్లు నలిపి పారేసి వెళ్ళేవాళ్ళు కూడా దాన్ని మడిచి పర్సులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. 28 డాలర్లయితే రెండు చాక్లెట్లు అదనంగా వేసేవాళ్ళు. తెలుగువాళ్ళింట్లో భోజనాలకి వెళ్తే ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆ బిల్లులు కట్టలుగా కనిపించేవి. "మాకు ఈ వారం మూడున్నాయి, ఒకటి తీసుకెళ్ళండి వదినా, గడువు దాటిపోతుంది" అని సాంబారుతో పాటు చేతిలో పెట్టి పంపేవాళ్ళు.

నలభై లీటర్లు పోస్తే మిగిలేది ఒకటీ అరవై. మా ఆయన దాని కోసం రెండు సబర్బులు దాటి వెళ్ళేవారు. దారిలో ఖర్చయ్యే పెట్రోలు లెక్క వేసి చూపిస్తే, "సూత్రం ముఖ్యం" అనేవారు. ఆ పెద్దాయన బంకులో బిల్లు చెల్లదు. సరుకులు అమ్మి వచ్చిన లాభంలోంచి పెట్రోలు తగ్గించే వాళ్ళతో ఆయన ఎక్కడ పోటీ పడగలడు? ఒకరోజు పంపులకి పసుపు ప్లాస్టిక్ కట్టేసి ఉంది. కొన్నేళ్ళు ఖాళీగా పడుంది, భూమిలోని ట్యాంకులు తవ్వి తీసి మట్టి శుభ్రం చేశారు, ఇప్పుడక్కడ కారు దిగకుండా కాఫీ కొనుక్కునే కొట్టు ఉంది. 2013 నాటికి సూపర్‌మార్కెట్ల తగ్గింపులు శ్రుతి మించి, పోటీ వ్యవహారాల కమిషన్ ఏసీసీసీ కల్పించుకోవలసి వచ్చింది. 2014 జనవరి నుంచి సరుకుల లాభంతో ఇచ్చే తగ్గింపు నాలుగు సెంట్లు దాటదని రెండు కంపెనీలూ మాట ఇచ్చాయి. మంచిదే. కానీ అప్పటికే మా పేటలో అద్దం తుడిచేవాడు లేడు.

2004లో మా నాన్నగారు వచ్చి మూడు నెలలు ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకి ఈ దేశంలో సముద్రం కన్నా, కంగారూల కన్నా నచ్చింది ఫ్యూయెల్‌వాచ్. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో 2001 జనవరి నుంచి ఉన్న పద్ధతి అది. ప్రతి బంకూ రేపటి రేటు ఇవాళ మధ్యాహ్నం రెండింటికల్లా ప్రభుత్వానికి చెప్పెయ్యాలి. రెండున్నరకి అందరికీ ప్రకటిస్తారు. పొద్దున్న ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఆ రేటు మార్చడానికి లేదు. దేశమంతా పెడదామని 2008లో అప్పటి ప్రధాని కెవిన్ రడ్ ప్రభుత్వం ప్రయత్నిస్తే సెనేట్‌లో వీగిపోయింది.

"రేపటి రేటు ఇవాళే చెప్పేస్తారా!" అని నాన్న ఆశ్చర్యపోయారు. "మన దగ్గర రేటు పెరుగుతుందని తెలిస్తే ముందు రోజు సాయంత్రమే నో స్టాక్ బోర్డు వేలాడదీస్తారు కదే." రోజూ రెండున్నరకి కంప్యూటర్ ముందు కూర్చుని మా చుట్టుపక్కల బంకుల రేట్లు డైరీలో పెన్సిల్‌తో రాసుకునేవారు. కింద సగటు కూడా వేసేవారు. అల్లుడుగారు ఆఫీసు నుంచి రాగానే కాఫీ కంటే ముందు ఆ నివేదిక అందేది.

బంకుకి తీసుకెళ్ళినప్పుడు మాత్రం ఆయన కంగారు పడ్డారు. "అల్లుడుగారే పోసుకోవాలా? మనిషి లేడూ?" అన్నారు. ముందు పోసుకుని తర్వాత లోపలికెళ్ళి డబ్బు కట్టాలని తెలిశాక ఇంకా ఆశ్చర్యం. "కట్టకుండా వెళ్ళిపోతే?" అంటే కారు నంబరు కెమెరాలో పడుతుందని చెప్పాను. ఇప్పుడైతే చాలా చోట్ల రాత్రిపూట ముందే కట్టమంటున్నారు. నేనూ పోస్తానని పట్టుబట్టి నాజిల్ చేతికి తీసుకున్నారు. పోస్తున్నంతసేపూ దాన్ని నొక్కి పట్టుకునే ఉండాలి. ధోవతి కుచ్చిళ్ళు ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, సరిగ్గా ఇరవై డాలర్ల దగ్గర ఆపాలని ఆయన పంతం. 19.80 దగ్గర్నుంచి చుక్కచుక్కగా నొక్కారు. 19.94. 19.98. ఇంకొక్క చుక్క. 20.02. "అయ్యో" అన్నారు. లోపలికెళ్ళి ఇరవై నోటు ఇస్తే, నగదుకి రెండు సెంట్లు వదిలేస్తారు కదా, ఆ అమ్మాయి బిల్లు చేతికిచ్చి పంపింది. ఆ రెండు సెంట్ల పెట్రోలు ఉచితంగా వచ్చిందని మా అమ్మకి ఫోన్లో చెప్పారు. ఆ ఫోను కార్డు ఖరీదు పది డాలర్లు.

2005 ఫిబ్రవరిలో రాష్ట్ర ఎన్నికలతో పాటు రిఫరెండం పెట్టారు. మిగతా పనిరోజుల్లో కూడా షాపులు రాత్రి తొమ్మిది దాకా తెరవచ్చా? ఆదివారం తెరవచ్చా? మా ఇల్లు రెండు పార్టీలైంది. మా ఆయన రెండింటికీ ఎస్. నేను రెండింటికీ నో. ఆదివారం తెరిస్తే డ్యూటీ ఎవరికి పడుతుందో నాకు తెలుసు కదా. రాష్ట్రం నా వైపే ఓటేసింది, రెండింటికీ నో. ఆ గెలుపు ఎంతో కాలం నిలవలేదు. 2010లో రాత్రులూ, 2012 ఆగస్టులో ఆదివారాలూ తెరిచేశారు. ఈసారి మమ్మల్ని ఎవరూ అడగలేదు. గురువారం కారొసెల్‌లో పార్కింగ్ సులభంగా దొరకడం మొదలైంది. ఎప్పుడైనా వెళ్ళచ్చు కాబట్టి ఎవరూ ఒకేసారి వెళ్ళడం లేదు.

ఈ రాష్ట్రంలో వ్యాపారం రూళ్ళు ఎంత విచిత్రమో ఒక్కటి చెప్తాను. బంగాళాదుంపలకి ఇక్కడ ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది. ఎవరు ఎంత పండించాలో అదే చెప్పేది. యాభై కిలోలకి మించి బండిలో వేసుకు వెళ్తున్నారని అనుమానం వస్తే ఆపి వెతికే అధికారం కూడా దాని ఇన్‌స్పెక్టర్లకి ఉండేది. 2016లో దాన్ని ఎత్తేశారు. పెళ్ళి వంటకి దుంపలు తెచ్చే మనవాళ్ళు ఎవరూ పట్టుబడలేదనే అనుకుంటాను.

ఈ మార్పులు జరుగుతున్న రోజుల్లోనే బంకుల్లో మన పిల్లలు కనిపించడం మొదలైంది. కర్టిన్ యూనివర్సిటీలోనో మర్డాక్ యూనివర్సిటీలోనో చదువుతూ రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు. ఒక రాత్రి ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ ఆగాం. "పాలు కూడా తీసుకుందామా" అని మా అమ్మాయితో అంటుంటే, అద్దం వెనకనుంచి "ఆ బ్రాండు వద్దాంటీ, పక్కది రేపటి దాకా ఆఫర్‌లో ఉంది" అన్నాడు. ఖమ్మం కుర్రాడు. పరీక్ష ముందు రోజు కూడా డ్యూటీ, కౌంటర్ కింద పుస్తకం. చట్టప్రకారం గంటకి రావలసిన దానిలో సగం చేతికిస్తారని, వీసా మీద వారానికి ఇరవై గంటల పరిమితి ఉంది కాబట్టి నోరెత్తలేనని మెల్లిగా చెప్పాడు. బంకు యజమాని పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. దేశమంతా ఇలాంటి కథలే ఉన్నాయని 2015లో పేపర్లూ టీవీలూ బయటపెట్టాయి.

మా స్టోర్లో సెల్ఫ్ చెకౌట్ మెషీన్లు వచ్చినప్పుడు మమ్మల్నే వాటి పక్కన నిలబెట్టి కస్టమర్లకి నేర్పించమన్నారు. కేకు పెట్టి రిబ్బను కూడా కత్తిరించారు. మా ఉద్యోగాలు తినేవాటికి మేమే హారతి పట్టాం. మొదట్లో జనానికి అది ఆట. పిల్లలు మేం కొడతామంటే మేం కొడతామని పోట్లాడేవాళ్ళు. తర్వాత ఆట పోయి పనే మిగిలింది. బెల్టు కౌంటర్లు ఒక్కొక్కటిగా తగ్గాయి. ఎనిమిది మెషీన్లకి ఒక మనిషి. బెండకాయలు గుర్తుపట్టాల్సింది ఇప్పుడు కొనేవాళ్ళే. 2018 జూలైలో రాష్ట్రం పల్చటి ప్లాస్టిక్ కవర్లు నిషేధించింది. సర్దే పనీ, సంచి తెచ్చుకునే పనీ కూడా వాళ్ళవే. ఆ మరుసటి ఏడాది నేను మానేశాను.

నాకు పాయింట్లు వేరేలా కనిపించడం అప్పుడే మొదలైంది. పెట్రోలు మనమే పోసుకుంటాం, సరుకు మనమే స్కాన్ చేస్తాం, మనమే సర్దుకుంటాం, ఏం తింటున్నామో ఎప్పుడు ఊరెళ్తున్నామో మనమే చెప్తాం. ఆ అర్ధ శాతం మన కూలి. తగ్గింపు అనడం మానేసి కూలి అనుకుంటే, ఇంత తక్కువ ఇస్తారా అని కోపం వస్తుంది. రిసెర్చ్ అక్కర్లేదు కానీ చెప్తున్నా, ఏసీసీసీ కూడా 2019లో లాయల్టీ స్కీముల మీద ఒక నివేదిక ఇచ్చింది. మన సమాచారం ఎలా సేకరిస్తున్నారో, ఎవరితో పంచుకుంటున్నారో జనానికి సరిగ్గా తెలియడం లేదని అందులో ఉంది. దీపావళికి రెండు వారాల ముందు నా ఫోనుకి నెయ్యి మీద బోనస్ పాయింట్లు వచ్చినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. నెయ్యి కొన్నాను, అది వేరే సంగతి.

బంకుల బోర్డులూ మారిపోయాయి. వూల్‌వర్త్స్ 2019లో బంకులు అమ్మేసింది, కోల్స్ 2023లో. కాల్‌టెక్స్ కంపెనీ 2020లో పేరు మార్చుకుని మళ్ళీ పాత ఆంపోల్ అయింది. ఫ్యూయెల్‌వాచ్ మాత్రం అలాగే ఉంది. చౌక రోజు ఏదన్నది మారుతూ వచ్చింది కానీ, రేటు ఎగిరే ముందు సాయంత్రం క్యూలు మారలేదు. 2022లో లీటరు రెండు డాలర్లు దాటి ప్రభుత్వం ఆరు నెలలు సుంకం సగం చేసినప్పుడు కూడా మా ఆయన ఆ క్యూలో ఉన్నారు. మా అమ్మాయిది ఎలక్ట్రిక్ కారు. వాళ్ళ నాన్న తాపత్రయం చూసి నవ్వుతుంది. పగలు ఎండలో చార్జింగ్ పెడితే చౌక అని తనూ ఫోనులో టైములు చూసుకుంటుంది, అది గమనించదు.

నా కార్డులో పాయింట్లు క్రిస్మస్ దాకా దాచిపెట్టే ఏర్పాటు పెట్టుకున్నాను. డిసెంబరులో ఒక్కసారిగా చేతికొస్తే బాగుంటుందని. దీని మీద ఇంట్లో గొడవ. 2001 సెప్టెంబరులో అన్సెట్ ఎయిర్‌లైన్స్ ఒక్క రాత్రిలో కుప్పకూలినప్పుడు దాని పాయింట్లు కూడబెట్టుకున్న జనమంతా ఏమయ్యారో మా ఆయన ఇప్పటికీ వర్ణించి చెప్తారు. "పాయింట్లు కొత్తిమీరలాంటివి, తెచ్చిన రోజే వాడెయ్యాలి" అంటారు. కొత్తిమీర గురించి నాకు చెప్పొద్దని అంటాను.